కారు తాళం మొరాయిస్తే మార్చే ముందు కొలవాలి

రెండేళ్ల క్రితం మా నాన్నగారి కారులో ఎడమవైపు ముందు తలుపు రిమోట్‌కు పలకడం మానేసింది. మిగతా మూడు తలుపులూ సక్రమంగానే పడేవి. తలుపు బార్లా తెరిచి బటన్ నొక్కితే ఇదీ పనిచేసేది. మూస్తే మాత్రం పడేది కాదు. కారు సామాన్ల దుకాణానికి తీసుకెళితే ‘అలారం బాక్స్ పోయింది, సెట్టు మొత్తం మార్చాలి’ అన్నారు. రూ.5,500 పెట్టి మార్పించాం. రెండు వారాలు బాగానే ఉంది. మూడో వారం మళ్లీ అదే తలుపు, అదే జబ్బు.

చివరికి రోడ్డు పక్కన పనిచేసే ఒక ఆటో ఎలక్ట్రీషియన్ తలుపుకూ కారు బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగి చూశాడు. అందులో ఒక వైరు పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి మాత్రం తెగిపోయింది. అతికి టేపు చుట్టి రూ.150 తీసుకున్నాడు. తలుపు తీసిన ప్రతిసారీ, వేసిన ప్రతిసారీ ఆ వైర్లు వంగుతాయి. పదేళ్లలో అది వేల సార్లు. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తుంచేస్తాం కదా, అదే లోహ అలసట రాగికీ వస్తుంది. కొత్త బాక్స్ బిగించేటప్పుడు వైర్లు కదిలి తెగిన కొసలు మళ్లీ తాకి ఉంటాయి. రెండు వారాల ‘మరమ్మతు’ రహస్యం అదే.

నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. తెరిస్తే పనిచేసి మూస్తే పనిచేయని తలుపును చూసి కూడా నాకు వైరు గుర్తుకు రాలేదన్నది ఇప్పటికీ చిన్నతనంగానే అనిపిస్తుంది.

నిజానికి ఈ వ్యవస్థ చాలా సరళం. రిమోట్ పంపిన రేడియో సంకేతాన్ని అలారం బాక్స్ గుర్తిస్తుంది. అందులోని రిలే ఒక్క క్షణం పాటు తలుపులోని చిన్న మోటారుకు కరెంటు పంపుతుంది. మోటారు ఒక కడ్డీని తోస్తుంది, తాళం పడుతుంది. ప్లస్, మైనస్ తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, తాళం తెరుచుకుంటుంది. కాబట్టి లక్షణాన్ని బట్టి ఎక్కడ వెతకాలో చాలావరకు తెలుస్తుంది. రిమోట్ నొక్కగానే ఇండికేటర్లు వెలిగాయంటే రిమోట్ బ్యాటరీ, రేడియో భాగం బాగున్నట్టే. నాలుగు తలుపులూ పలకకపోతే ఫ్యూజు, బ్యాటరీ నుంచి వచ్చే వైరు, ఎర్త్ చూడాలి. ఒక్క తలుపే అయితే ఆ తలుపు వైరో మోటారో. తాళం పడుతుంది కానీ తెరుచుకోదంటే, ఒక దిశలో పనిచేసే రిలే మీద అనుమానం. పడిన వెంటనే దానంతటదే తెరుచుకుంటుంటే డ్రైవరు తలుపు చూడాలి. బయట కొని బిగించే చాలా కిట్లలో అక్కడి మోటారులోనే మిగతా తలుపులకు ఆజ్ఞ ఇచ్చే స్విచ్ ఉంటుంది. కడ్డీ పూర్తిగా జరగకపోతే ఆ స్విచ్ మధ్యలో ఆగి తప్పుడు సంకేతం ఇస్తుంది.

ఇక్కడిదాకా అనుభవమున్న మెకానిక్‌లందరికీ తెలిసిందే. అసలు చిక్కు మల్టీమీటర్ దగ్గర వస్తుంది. వైరు దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు చూపించింది, ‘కరెంటు వస్తోంది కాబట్టి మోటారు పోయింది’ అని తేల్చేస్తారు. ఈ నిర్ణయం చాలాసార్లు తప్పు. డిజిటల్ మల్టీమీటర్ అంతర్నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. అంటే అది తీసుకునే కరెంటు మైక్రో ఆంపియర్ల లెక్కలో ఉంటుంది. వైరులో వెంట్రుకంత రాగి పోగు ఒక్కటి మిగిలినా ఆ కాస్త కరెంటు హాయిగా వెళ్లిపోతుంది, మీటరు 12 అనే చూపిస్తుంది. మోటారు అడిగేది ఆంపియర్లలో. లెక్క కోసం కదలడానికి ముందు మోటారు నిరోధం 2 ఓమ్‌లు, పాడైన చోట మరో 2 ఓమ్‌లు అనుకుందాం. 12 వోల్టులను 4 ఓమ్‌లతో భాగిస్తే 3 ఆంపియర్లు. అందులో 6 వోల్టులు పాడైన చోటే ఖర్చయిపోతాయి, మోటారుకు మిగిలేది 6. రావలసిన కరెంటులో సగమే వస్తుంది. దుమ్ము పట్టి, గ్రీజు గట్టిపడిన తాళాన్ని తోయడానికి అది చాలదు. పదో తరగతి ఓమ్ నియమమే ఇది.

అందుకే మోటారు కలిపి ఉండగానే, బటన్ నొక్కిన క్షణంలోనే వోల్టేజి చూడాలి. అర సెకను పాటు వచ్చే వోల్టేజిని మీటరు అంకెలు ఒక్కోసారి అందుకోలేవు. దానికి పాత ఇండికేటరు బల్బు మేలు. 21 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. వైరు బాగుంటే ధగ్గుమంటుంది, సన్నబడితే మిణుకుమంటుంది. ఎల్ఈడీ టెస్టర్ మాత్రం మీటరులాగే మోసం చేస్తుంది. ఒక జాగ్రత్త: ఈ బల్బు పరీక్ష తాళం మోటారు వైర్లకే పరిమితం. పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగ్ వైర్లను, కంప్యూటర్‌కు వెళ్లే సన్నని వైర్లను ముట్టుకోకూడదు.

మరి కొలవడం ఇంత తేలికైతే దుకాణాలు ఎందుకు మార్చేస్తాయి? కొలిచిన గంటకు మనం డబ్బివ్వం, కొత్త బాక్స్‌కు ఇస్తాం. తప్పు సగం మనదే. మిగతా సగం సమాచారానిది. ఏ రంగు వైరు ఎటు పోతుందో చెప్పే పటం బయటి మెకానిక్ చేతికి అందదు. విడిభాగాలు, డయాగ్నొస్టిక్ పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు దక్కనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై రూ.2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ ఉత్తర్వుపై అప్పీళ్లు నడిచాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది, వాహనాలనూ అందులో చేర్చింది. పటాలు బయటపెడితే దొంగలకు దారి చూపినట్టేనన్న వాదన ఉంది. తాళంచెవి కోడ్‌లు, ఇమ్మొబిలైజర్ వివరాలు గోప్యంగా ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. తలుపు మోటారుకు వెళ్లే రెండు వైర్ల రంగు మాత్రం రహస్యం ఎలా అవుతుంది? అలారం కిట్ అమ్మేవాళ్లు బిగించిన వైర్ల పటం ఒక కాగితం మీద గీసి కొన్నవాళ్ల చేతికి ఇవ్వడం తప్పనిసరి చేయాలి.

‘తాళమే కదా, చేత్తో వేసుకుందాం’ అని వదిలేసేవాళ్లూ ఉన్నారు. 2025 మేలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక చనిపోయారు. అక్కడ తాళం చెడిందని నేననడం లేదు. కానీ మూసిన కారులో పెరిగే వేడిలో 80 శాతం మొదటి అరగంటలోనే పెరుగుతుందని 2005లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఎప్పుడు పడుతుందో ఎప్పుడు తెరుచుకోదో తెలియని తాళంతో మే నెలలో తిరగడం నాకైతే సమ్మతం కాదు. కనీసం రిమోట్‌తో పాటు వచ్చిన మామూలు తాళంచెవి డ్రైవరు తలుపులో తిరుగుతోందో లేదో ఈ రోజే చూడండి. ఏళ్లుగా వాడక అది బిగుసుకుపోయిన కార్లు ఎన్నో.

మేం పీకించేసిన పాత అలారం బాక్స్ ఇప్పటికీ మా అటక మీద ఉంది. ఒక ఆదివారం దానికి 12 వోల్టులు ఇచ్చి పాత రిమోట్ నొక్కి చూశాను. రెండు రిలేలూ టక్కుమన్నాయి.