విచారణ ఎవరి మీద?



కొన్నేళ్ల కిందటి సంగతి. అప్పుడు నేను ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. స్టాఫ్‌రూమ్‌లో అందరూ వింటుండగా ఒక సీనియర్ "మీవి రిజర్వేషన్ పీహెచ్‌డీలు కదండీ, ప్రబంధాలు మీకెందుకు? దళిత కవిత్వం చెప్పుకోండి" అన్నాడు. నేను డాక్టరేట్ చేసింది ప్రబంధాల మీదే. మరుసటి వారం టైంటేబుల్లో ఆ క్లాసులు నా పేరు మీద లేవు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ముగ్గురితో కమిటీ వేశారు. ముగ్గురిలో ఒక్క దళితుడు లేడు. ఒకాయన ఆ సీనియర్‌కి స్వయానా వియ్యంకుడు.

ఆ గదిలో మొదటి ప్రశ్న "ఆయన ఆ మాట అన్నాడా?" అని కాదు. "మీరు ఆదివారం చర్చికి వెళ్తారా మాస్టారూ?" అని.

పెనుగొండలో పుట్టినవాడికి ఈ ప్రశ్న ఎందుకో విడమరచి చెప్పక్కర్లేదు. డెల్టాలో మా పేటల్లో చర్చి లేని పేట అరుదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. అంటే వాళ్లు అడిగింది నా భక్తి గురించి కాదు, నాకు ఫిర్యాదు చేసే హక్కుందా అని. నన్ను అవమానించిన నోరు నా మతం అడిగి అవమానించలేదు. కమిటీ మాత్రం అడిగింది.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. కంగారులో ఫైల్లోంచి కుల ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టాను. ఆ క్షణం నుంచి విచారణ నా మీదికి మళ్లింది. చివరికి "అపార్థం" అని రాశారు. క్లాసులు తిరిగి రాలేదు.

ఇది నా ఒక్కడి కథ అయితే రాసేవాణ్ణి కాదు. రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. యూనివర్సిటీ ఆ పిల్లల్ని హాస్టల్ నుంచి ఎందుకు వెలివేసిందని మనం అడిగాం. రూపన్‌వాల్ కమిషన్ వాళ్లమ్మ కులం ఏమిటో తవ్వింది. 2024లో పోలీసుల క్లోజర్ రిపోర్టూ అతను ఎస్సీ కాదనే అంది.

దేశం దాటినా ఇంతే. ఇంగ్లండ్‌లో భారతీయ యజమానుల ఇంట్లో రోజుకు 18 గంటలు, గంటకు 11 పెన్నీల లెక్కన చాకిరీ చేసిన ఒక ఆదివాసీ మహిళ ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్లింది. సమానత్వ చట్టంలోని జాతి నిర్వచనంలోకి కులం రాదని యజమానులు వాదించారు. కులం కూడా జాతి వివక్ష కిందికి రావచ్చని 2014లో అప్పీల్ ట్రిబ్యునల్ తేల్చింది. మరుసటి ఏడాది ఆమె గెలిచింది. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వం సిస్కో మీద వేసిన దావాలోనూ ఒక ఆరోపణ ఇదే: దళిత ఇంజనీరు ఫిర్యాదు చేస్తే, కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ సిబ్బంది అన్నారని. కంపెనీ ఆరోపణల్ని ఖండించింది. 2023లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఉపసంహరించారు.

గమనించండి. "మేం చెయ్యలేదు" అనేకంటే ముందు "ఇది నీ చట్టం కాదు, నువ్వు ఆ మనిషివి కాదు" అంటారు. గరిమెళ్ల తెల్లదొరతనం వద్దని పాడిన రోజుల్లోనే రాజమండ్రి కుసుమ ధర్మన్న నల్లదొరతనమూ వద్దన్నాడు. ఆ దొర ఇప్పుడు కమిటీ కుర్చీలో కూర్చున్నాడు.

"అట్రాసిటీ కేసుకు కుల ధ్రువపత్రం కావాలి కదా" అంటారు. కావాలి, అది కోర్టు సంగతి. కాలేజీ కమిటీ తేల్చాల్సినవి రెండే: ఆ మాట అన్నాడా? క్లాసులు ఎందుకు తీశారు?

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గదిలోకి వెళ్లే ముందే కమిటీ సభ్యుల పేర్లు రాతలో అడగండి. అవతలివాళ్ల బంధువుంటే అభ్యంతరం రాతలో ఇవ్వండి. ఒంటరిగా వెళ్లకండి. ప్రతి ప్రశ్నా రికార్డు చెయ్యమనండి. మీ కులం, మీ చర్చి, మీ అమ్మ గురించి అడిగితే జవాబు చెప్పకండి. "ఈ ప్రశ్నకు నా ఫిర్యాదుతో సంబంధం ఏమిటో రాసివ్వండి" అనండి.

ఆ రోజు నేను ఆ మాట అనలేకపోయాను. మీరు అనండి.

జై భీమ్.