అంకుడు కర్ర లేని తరిమెన

సీసా మూతికి బిగించెడు బిరడా మిక్కిలి చిన్న వస్తువు. అది పోయిననాడు గాని దాని విలువ తెలియదు. బిరడా లేని అత్తరు ఆవిరియై పోవును, మందు బలము తప్పును. ఇట్టి అల్పవస్తువును గూర్చి సంపాదకీయము వ్రాయనేల యని పాఠకులలో కొందఱు నవ్వవచ్చును. దేశీయ పరిశ్రమలన్నంతనే మనవారికి ఉక్కు కర్మాగారములును, ఓడరేవులును జ్ఞప్తికి వచ్చును. అవి వలసినవే, వలదనువారు లేరు. కాని యొక కొయ్యముక్కను గుండ్రముగ తిప్పి, దానికి మెఱుగు పెట్టి, మూతికి సరిగా అమర్చగల చేయి మన జిల్లాలలో నిలుచునా నిలువదా యను ప్రశ్న కూడ పరిశ్రమల ప్రశ్నయే. నేడు మేము దానినే యెత్తుకొనుచున్నాము.

అమెరికాలోను బ్రిటనులోను ఉద్యోగము చాలించుకొనిన పెద్దలు పెక్కుమంది ఇంటి కొట్టములో చిన్న లేతు యంత్రమును నిలుపుకొని, సీసా బిరడాలు, కలములు, బొంగరములు చేసి బంధుమిత్రులకు పండుగ కానుకలుగ నిచ్చుచుందురు. వారికది కాలక్షేపము. పని తీరు చూచుటకు సులభము. చిన్న కొయ్యముక్కకు అడుగున రంధ్రము తొలిచి యంత్రమునకు బిగింతురు. అది గిరగిర తిరుగుచుండగా ఉలి పదును నానించి పిడి ఆకారము తీయుదురు. పిమ్మట ఆ రంధ్రములో బెండుముక్కనో రబ్బరునో లోహపు మొననో అతుకుదురు. ఉత్తకొయ్యనే మూతిలో దిగగొట్టరాదా యన్నచో, కొయ్య గాలిలోని తేమను పీల్చి అడ్డముగ ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. వానలలో బిగిసి సీసామూతిని పగులగొట్టు బిరడా వేసవిలో వదులై జాఱిపోవును. అందుచేతనే మెత్తగా అణగి మరల పొంగు బెండును పోర్చుగల్లు మున్నగు దేశములలో ఒకజాతి ఓక్ చెట్ల బెరడునుండి ఒలిచి వాడుచున్నారు.

అక్కడ కాలక్షేపమైన యీ విద్య మనకడ తరతరములుగ కడుపుకూడు. మన పూర్వులు దీని సాధనమునకు తరిమెన యని చక్కని పేరు పెట్టిరి. లేతు అను మాట వచ్చి ఆ పేరును మఱపించినది గాని పని మాఱలేదు. అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డున, యలమంచిలికి చేరువనున్న ఏటికొప్పాక యీ విద్యకు నిలయము. కుంకుమ భరిణెలు, గాజులు, బొంగరములు, ఆడపిల్లల లక్కపిడతలు అక్కడి తరిమెనలపై పుట్టినవి. లక్కపిడతలతో వంట వండి బొమ్మలకు పెండ్లి విందు పెట్టని ఆడపడుచు మన పాతతరములో అరుదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱను చెక్కి అతికించినది, ఏటికొప్పాక వస్తువు తిప్పి తీసినది. ఈ రెంటిని ఒకటిగ కలిపి ‘కొయ్యబొమ్మలు’ అని చేతులు దులుపుకొనువారు రెంటినీ ఎఱుగనివారే.

కుంకుమ భరిణెకు మూత చేయుటయు బిరడా చేయుట వంటిదే. బెండు లేదు, రబ్బరు లేదు. కొయ్యలో కొయ్య దిగవలెను, పొడి రాలరాదు, పడతి వ్రేలికొనతో తీసిన రావలెను. ఇది సాధ్యమగుట అంకుడు కఱ్ఱ చలువ. తెల్లగ, నునుపుగ, దగ్గఱ పోగుతో, ఉలికి అడ్డు చెప్పని కొయ్య యది. కన్నడదేశములో చెన్నపట్టణపు బొమ్మలవారు ఆలె మర యని పిలుచునదియు ఇదే. నఱికితెచ్చిన కఱ్ఱను తొందరపడి తరిమెన కెక్కించినచో, దానిలోని తేమ తరువాత ఆఱి, గుండ్రని మూత కోలగా మాఱును. కావున నీడన ఓపికగా ఆరబెట్టవలెను. ఆ కాలమంతయు పనివాని పెట్టుబడి కదలక పడియుండును. చవుకగా, వేగముగా కావలెనని అంగడివాడు తొందర పెట్టినచో వానకాలములో ఊడిరాని మూతయే దక్కును. అప్పుడు ఇల్లాలు పలుకు మాటలు ఏటికొప్పాక దాక వినవచ్చును!

పూర్వము ఒకడు త్రాడులాగి తరిమెనను ముందు వెనుకలకు త్రిప్పుచుండగా మఱియొకడు ఉలి పట్టెడివాడు. ఒకవైపు తిరుగునపుడే ఉలి తెగును, వెనుకకు తిరుగునపుడు చేయి ఆపవలెను. విద్యుచ్ఛక్తి వచ్చి త్రాడు లాగువాని శ్రమ తప్పినది, తరిమెన ఒకేవైపు నిలకడగ తిరుగుచున్నది. ఇందువలన హస్తకళ చెడినదని విలపించుట మాకు సమ్మతము కాదు. ఆకారము తీయునది నేటికిని చేయియే, కొలత చెప్పునది కన్నే. తిరుగుచున్న కొయ్యకు రంగు కలిపిన లక్కకడ్డీని ఆనించి నొక్కుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. మొగలి ఆకుతో ఒత్తి రుద్దగా అద్దమువలె మెఱుగు తేలును. కుంచె లేదు, తడి లేదు, ఆరువఱకు కాచుకొనుట లేదు. లక్క చెట్లపై పురుగు పెట్టు జిగురు. ఆ పంటలో మనదేశమున ఝార్ఖండు అగ్రస్థానమున నున్నది. విశాఖ మన్యపు కొయ్యకును ఝార్ఖండు జిగురుకును ఏటికొప్పాకలో వియ్యము కుదిరినదన్నమాట.

నడుమ కొంతకాలము రసాయనపు రంగులు ఈ ఊరిని ఆవరించినవి. అవి చవుక, కంటికి మిరుమిట్లు. కాని పసిబిడ్డ బొమ్మను నోటబెట్టుకొనును, కొన్ని రంగులలోని సీసపు విషము పసివారి బుద్ధిని మందగింపజేయును. ఇది గ్రహించి పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయ మొదలగువానినుండి తీసిన రంగులను మరల లక్కలో కలుపుటకు పాటుపడిన వారిలో శ్రీ సి. వి. రాజుగారు ముఖ్యులు. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో వారి కృషిని పేర్కొనిరి. 2023లో వారికి పద్మశ్రీ లభించినది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు కలిగినది. 2025 జనవరి 26వ తేదీన ఢిల్లీ రాజవీథిలో మన రాష్ట్రపు శకటము ఏటికొప్పాక బొమ్మలతోనే నడచి, రాష్ట్రముల శకటములలో మూడవ స్థానము పొందినది. ఆంధ్రులందఱును సంతోషించిరి, మేమును సంతోషించితిమి.

సంతోషము తీఱిన పిమ్మట తరిమెనకడ కూర్చున్నవాని నొకమాట అడుగుడు. వాడు పతకమును గూర్చి మాటాడడు, కఱ్ఱను గూర్చి మాటాడును. చేరువ కొండలలో అంకుడు పలుచబడినది. అడవిలో కొట్టుటకు అనుమతి కావలెను. అనుమతి ఉన్న కఱ్ఱ చాలదు, దొరకిన కఱ్ఱకు వెల హెచ్చు. నేతగానికి నూలు వలె వీనికి అంకుడు. కఱ్ఱ రాని వారము వీని యింట కూలి రాని వారము. ఒకటి రెండు వారములు ఓర్చుకొనును. పిమ్మట కుమారుని పట్టణమునకు పంపును. ఆ కుమారుడు ఏ గిడ్డంగిలోనో కాపలా ఉద్యోగము సంపాదించుకొని మరల ఉలి ముట్టడు. ఉలి పట్టు పుస్తకమునుండి వచ్చునది కాదు, తండ్రి ప్రక్కన కూర్చున్న బాల్యమునుండి వచ్చును. ఒక తరము లేచిపోయినచో పిలిచి కూర్చుండబెట్టువారు లేరు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. విదేశపు ఆటవస్తువులపై సుంకము 2020లో నూటికి 20 నుండి 60కిని, 2023లో 70కిని హెచ్చినది. 2021 జనవరి 1 నుండి ఆటవస్తువులకు నాణ్యతాముద్ర విధియైనపుడు, నమోదైన చేతిపనివారికిని, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకును మినహాయింపు దొరకినది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకములో 18 వృత్తులు చేరినవి. అందు బొమ్మలవారును కలరు. పనిముట్లకు 15,000 రూపాయలు, నూటికి 5 వడ్డీపై రెండు విడతలుగ 3 లక్షల వఱకు అప్పు అందులోని సదుపాయములు. మంచిదే. పోటీని అడ్డగించితిరి, ఉలి ఇచ్చితిరి, అప్పు ఇచ్చితిరి, శకటము నడిపితిరి. ఆ ఉలి దేనిపై ఆనవలెను? అప్పు తెచ్చుకొన్నవానికి కొయ్య లేకున్న ఉలి వడ్డీని తెగగొట్టునా?

అటవీశాఖవారి పక్షమును వినవలెను. కొండలు బోడులగుచుండ కొట్టుకొని పొండని వారెట్లనగలరు? వారి మాట నిజమే. కాని అంకుడు మహావృక్షము కాదు. టేకు వలె ముప్పది నలుబది యేండ్లు కాచియుండి పెద్ద దూలము తీయవలసిన పని లేదు. బొంగరమునకు, భరిణెకు, బిరడాకు చేతిమణికట్టంత కొమ్మ చాలును. కొట్టినచోట మోడు మరల చిగిర్చును. రాతినేలలోను, ఎండలోను బ్రతుకును. దాని ఆకునుండి నీలిరంగు తీయుటయు పూర్వులెఱిగినదే, శాస్త్రజ్ఞులు దానికిడిన లాటిను పేరులోనే ఆ రంగు ఉన్నది. ఇట్టి చెట్టును అడవిలో వెదకుకొనుట యేల? చెఱువుగట్లు, పొలముగట్లు, పంచాయతీ బంజర్లు, బాటల ప్రక్కలు మనకు లేవా? ఏటేట వనమహోత్సవమని నాటు లక్షల మొక్కలలో పూలకును నీడకును పనికివచ్చునవి కలవు, ఫోటోకు మాత్రమే పనికివచ్చునవియు కలవు. వానిలో ఒక పాలు అంకుడు కారాదని యే శాస్త్రము చెప్పినది? నాటి పెంచినవాడు తన గట్టున కొట్టుకొని పనివానికి అమ్ముకొనుటకు చీటీలు, ముద్రలు, తనిఖీలు లేకుండ తోవ చూపవలెను. కొట్టుటకు భయపడువాడు నాటుటకు ముందుకు రాడు.

వేఱొక కొయ్యతో సరిపెట్టుకొనరాదా యని కొందఱు అడుగుదురు. పాశ్చాత్యుల బిరడాలకు ఏ కఱ్ఱయైనను చెల్లును, వారు కొయ్య చారలనే అందముగ చూపుదురు. మన లక్కపనికి తెల్లని, చారలు పైకి తేలని కొయ్య కావలెను. లేనిచో పసుపు పసుపుగా పలుకదు. చెన్నపట్టణమువారును ఈ చెట్టునే పట్టుకొనియుండుట పట్టుదలచేత కాదు, అనుభవముచేత.

ఇక కొనువారి మాట. మన సన్మానసభలలో నేడు ఇచ్చుచున్నదేమి? గాజుపలకపై పేరు, ప్లాస్టిక్ పెట్టెలో శాలువ. పుచ్చుకొన్నవారు గాజుపలకను బీరువాపై నుంచి దుమ్ముతో సన్మానింతురు. ఒక కుంకుమ భరిణెయో, మేజాపై కలము నిలుపు బుఱ్ఱయో, పన్నీరు సీసాకు అంకుడు పిడి గల బిరడాయో ఇచ్చినచో దినదినము చేతికి తగులును. బిరడాలు మనవారికి క్రొత్త సరుకని అనవచ్చును. భరిణెమూత చేసిన చేతికి బిరడా యెంత దూరము? నమూనాయు కొలతయు ఇచ్చి, వెల ముందుగ మాటాడి, పది రోజులు హెచ్చుగ గడువిచ్చువాడు కావలెను. పఠనమందిరములు, మహిళాసమాజములు, కళాశాలలు తమ బహుమతులకు ఏడాదికి ముందే ఈ విధముగ నిర్ణయించి చెప్పినచో పనివాడు కఱ్ఱను ఆరబెట్టుకొనుటకు కాలము చిక్కును. లేపాక్షి దుకాణములు పట్టణములలో నున్నవి, ఏటికొప్పాక రైలుబాటకు దూరము కాదు.

కొనునపుడు కన్ను తెఱచి కొనుడు. మూత తీసి మూసి చూడుడు, పట్టుగా దిగి తేలికగా రావలెను. తడిగుడ్డతో రుద్దినచో రంగు అంటరాదు. వార్నిషు వాసన కొట్టినచో లక్క యని చెప్పువాని మాట నమ్మవలదు. ఇవి సరిగానున్నపిమ్మట వెలకడ పది రూపాయలకు అరగంట వాదించుట గౌరవము కాదు. మందుల దుకాణములోను, సినిమాహాలులోను మనము వాదించుట లేదు గదా!

1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనిని కూడ కూర్చి నేర్పినది. ఆ సంప్రదాయము మఱుగుపడినను మాట మఱల తలయెత్తినది. 2020 జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతి వఱకు పిల్లలు పుస్తకాల సంచి లేని పది దినములు స్థానిక వృత్తులవారికడ పని నేర్చుకొనవలెనని చెప్పుచున్నది. అనకాపల్లి, విశాఖ జిల్లాల బడులవారు ఆ పది దినములలో రెండింటినైనను తరిమెనకడ గడపుదురుగాక. పనివానికి ఆ దినములకు కూలి చెల్లించవలెను. బడి పేర ఉచితసేవ అడుగుట దోపిడికి మఱొక పేరు.

తొలకరికి మొక్క సిద్ధముగ నుండవలెనన్న గింజ వేసవికి ముందే సేకరింపబడవలెను. అంకుడు కాయలు ఎండి విచ్చినచో గింజలు దూదితో గాలికెగిరిపోవును, పిమ్మట ఏరుటకు దొరకవు. యలమంచిలి చుట్టునున్న నర్సరీలలో రానున్న వానలకు ఎన్ని వేల అంకుడు మొక్కలు పెంచదలచిరో, ఏ యే పంచాయతీల గట్లపై నాటదలచిరో అటవీశాఖవారును, జిల్లా అధికారులును ఇప్పుడే ప్రకటింపవలెనని కోరుచున్నాము.