జీర్ణమైన కప్పు

ఇంగ్లండులోని కెంటు సీమలో ఫోక్‌స్టన్ అను సముద్రతీరపు పట్టణము కలదు. అచ్చటి మార్టిన్ వాల్టర్ సంస్థ గడచిన శతాబ్దపు నడిమి దశకములలో సామాన్యమైన మోటారు వానులను సంచారగృహములుగ మార్చి 'డార్మొబిల్' అను పేర విక్రయించెను. ఆ బండ్ల విశేషమంతయు కప్పులోనే ఉన్నది. ఫైబర్ గ్లాసు కప్పు ఒక ప్రక్క మడతబందులపై పైకి లేచును. దానితోపాటు చారల గుడ్డ గుడారమువలె విచ్చుకొనును. లోపల మనిషి నిటారుగ నిలువవచ్చును; పైన ఇరుకైన పడకలు కట్టుకొనవచ్చును. జర్మనీలో 1950 మార్చి నుండి తయారైన ఫోక్స్‌వాగన్ వానులకును ఇట్టి లేచు కప్పులు అమర్చబడినవి.

నేడు ఆ బండ్లకు వార్ధక్యము వచ్చినది. వానిని ప్రేమతో కాపాడుకొను వారిలో ఒక వివాదము తెగకున్నది. శిథిలమైన కప్పును బాగుచేయవలెనా, లేక తొలగించి క్రొత్తది వేయవలెనా? పాతది ఒక్క మేకుతో సహా నిలువవలెనని ఒకరందురు. కారు కప్పుకు పూజ ఎందులకు, అచ్చులో పోసిన క్రొత్త కప్పు దొరకుచుండగా శ్రమ ఎందులకని మరియొకరందురు. ఇరువురును కప్పును ఒకే వస్తువుగ భావించుటయే ఇందలి పొరపాటు.

నిజమునకు కప్పు నాలుగు వస్తువుల కూడిక. మొదటిది గుడ్డ. తడిసిన గుడ్డను ఆరకముందే మడచి మూసినచో బూజు పట్టి చివికిపోవును. రెండవది రబ్బరు పట్టీ. అది ఎండకు గట్టిపడి బీటలు వారును. ఈ రెండును అరుగుటకే పుట్టినవి. వీనిని మార్చుటలో అపచారమేమియు లేదు. కాని పాత గుడ్డను పారవేయక ముందు దాని కొలతలు, కుట్టు తీరు, చారల వెడల్పు వ్రాసికొనవలెను. ఒక ముక్క దాచుకొనవలెను.

మూడవది కప్పు కొఱకు కోసిన ఇనుప రేకు అంచు. బీటలు వారిన రబ్బరు గుండ నీరు ఇచ్చటికే దిగును. కంటికి కనబడని చోట తుప్పు పట్టును. రేకును కోసిన నాడే బండి పైభాగపు బలము కొంత తగ్గినది. ఆ లోటును తీర్చునది అంచున బిగించిన చట్రమే. కావున ఇచ్చట మొగమోటము పనికిరాదు. తుప్పు తిన్నంత మేర కోసివేసి క్రొత్త రేకును వెల్డింగు చేయవలసినదే. పైన లప్పము పూసి రంగు వేసి అమ్మువాడు కొన్నవాని ప్రాణముతో జూదమాడుచున్నాడు.

నాలుగవది ఫైబర్ గ్లాసు డొప్ప. వివాదమునకు అసలు చోటు ఇదియే. ఎండవలన పైపూత సున్నమువలె రాలును. మడతబందుల బోల్టుల చుట్టును చీలికలు పాకును. అయినను ఇది చావు కాదు. చీలికను గట్టి భాగము వచ్చువరకు అరగదీసి, లోపలి వైపున గాజునార పొరలను జిగురురసముతో అతికి, తుదకు పైపూత పూసినచో డొప్ప మరల బలపడును. అరగదీయునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును; ముఖమునకు ముసుగు లేనిదే ఈ పనికి పూనుకొనరాదు.

క్రొత్త డొప్పయు అదే ఆకారమున ఉండును గదా అను ప్రశ్న సహేతుకమైనదే. కాని ఆకారము మాత్రమే వస్తువు కాదు. పాత డొప్ప లోపలి వైపున ఆనాటి పనివాడు నారను పరచిన తీరు, పొరల మందము, చేతి జాడ నిలిచియున్నవి. క్రొత్తదానిలో ఆ సాక్ష్యము ఉండదు. తాళపత్రగ్రంథమును పరిష్కరించు పండితుడు శిథిలమైన అక్షరములను ఊహించి పూరించును. పూరించిన చోటును గుర్తుపెట్టి చూపును. అంతియేకాని, చెదలు తినెనని ప్రతిని అగ్నికి ఆహుతి చేయడు. తన పూరణమును కవి మాటగ చలామణి చేయడు. 1964లో రూపొందిన వెనిస్ పత్రము పురాతన కట్టడములకు విధించిన నియమమును ఇట్టిదే: క్రొత్తగ చేర్చిన భాగము మొత్తముతో పొందియుండవలెను, అయినను మూలమునుండి వేరుగ గుర్తింపబడవలెను.

బాగుచేయుటకు సాధ్యము కాని డొప్పలు లేకపోలేదు. చెట్టు పడి నుగ్గైనదానిని అతుకుటకంటె మార్చుటయే ఉచితము. వానకు కారు కప్పు ఎంత ప్రాచీనమైనను కప్పు కాదు. బండి తిరుగుటకు పుట్టినది, ప్రదర్శనశాలలో ఎండుటకు కాదు. అయితే మార్చినవాడు మార్చితినని వ్రాసిపెట్టవలెను. ఏ యేట, ఏ భాగము, ఏల మార్చబడెనో తెలుపు చిన్న పుస్తకము బండిలో ఉన్నచో తరువాతి యజమాని మోసపోడు.

పాఠశాలలలో బల్ల విరిగినచో మూలకు నెట్టి క్రొత్తది కొనుట నేడు పరిపాటియైనది. ఏది మార్చదగినది, ఏది అతుకదగినది, ఏది తప్పక కోసివేయదగినది అని విరిగిన వస్తువును ముందుంచుకొని ఒక్క గంట విచారించిన విద్యార్థి, చేతిపనితోపాటు వివేకమును గూడ అభ్యసించును. ఉపాధ్యాయులు ఆ గంటను అతనికి ఈయవలెను.