పాత పేపర్లు ముట్టుకుంటే జబ్బు వస్తుందా?

తెనాలి నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందుంది. "డాక్టరుగారూ! కరోనా వచ్చిన ఏడాది నుంచీ మా అత్తగారు పాత పేపర్లవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వటం లేదు. ఆవిడ షుగరు మనిషి, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. అందుకని ఆవిడ భయాన్ని తప్పుపట్టలేను. కాని పేపర్లు, అట్టపెట్టెలు, సీసాలు వెనక వరండాలో గుట్ట పడిపోతున్నాయి. మా తమ్ముడు ఇంగ్లండులో ఉంటాడు. 2020 మే నెలలో అక్కడ ఇలాంటి సామాన్లు వేసే కేంద్రాలు మళ్లీ తెరిస్తే కార్లు బారులు తీరాయట. కొద్దికొద్దిమందిని మాత్రమే లోపలికి వదిలారట. రేపు అలాంటి మహమ్మారి మళ్లీ వస్తే మా ఊళ్లో పొడిచెత్త కేంద్రం మూసెయ్యాలా, తెరిచి ఉంచాలా? తెరిస్తే మేం వెళ్లవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

ఈ ప్రశ్నకు నేను 2020లో ఒకసారి సమాధానం చెప్పి ఉన్నాను. చెప్పినదాంట్లో సగం తప్పు.

అప్పుడు నేనొక చిన్న పట్టణంలో ప్రభుత్వాసుపత్రిలో ఉండేవాణ్ణి. మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఊళ్లో పాత సామాన్ల కొట్లకూ, మునిసిపాలిటీ పొడిచెత్త షెడ్డుకూ తాళాలు పడ్డాయి. జూన్‌లో మునిసిపాలిటీవారు నా దగ్గరకొచ్చి, "షెడ్డు తెరవాలనుకుంటున్నాం, ఏం జాగ్రత్తలు తీసుకోమంటారు?" అని అడిగారు. నేను చాలా గట్టి జాగ్రత్తలే చెప్పాననుకున్నాను. వచ్చిన ప్రతి సంచి మీదా హైపోక్లోరైట్ ద్రావణం కొట్టించండి, గేటు దగ్గర పనివాళ్ల మీద కూడా చల్లించండి, బయటివాళ్లు చొరబడకుండా షట్టరు సగానికి దించండి అన్నాను. చేతులకు గ్లవ్స్ ఇమ్మన్నాను.

మూడోరోజుకల్లా షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు నలుగురు ఓ.పి.లో నిలబడ్డారు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. గొంతు మంట, దగ్గు. అది కరోనా దగ్గు కాదు, నేను రాసిన మందు దగ్గు. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లవద్దని, దానివల్ల ప్రయోజనం లేకపోగా హాని కలుగుతుందని కేంద్ర ఆరోగ్యశాఖ ఏప్రిల్‌లోనే చెప్పింది. నేను చదవలేదు. షట్టరు దించటం అంతకంటె పెద్ద పొరపాటు. గాలి ఆడని షెడ్డులో పన్నెండుమంది మోచేతులు తగిలేలా కూర్చుని ఏరుతున్నారు. ఆ జబ్బు దేనివల్ల వ్యాపిస్తుందో సరిగ్గా దాన్ని నేనే సమకూర్చి పెట్టాను!

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. 2020 మొదట్లో శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కరోనా వైరసును వేరువేరు వస్తువుల మీద వేసి చూశారు. అట్ట మీద ఒక రోజు దాకా, స్టీలు మీద రెండు రోజుల దాకా, ప్లాస్టిక్ మీద మూడు రోజుల దాకా దాని జాడ కనిపించింది. ఈ వార్త చదివి మనమంతా పాలప్యాకెట్లు కడిగాం, కూరగాయలు సబ్బునీళ్లలో ముంచాం (ఇది మాత్రం చెయ్యకూడని పని, సబ్బు కడుపులోకి పోతుంది). కాని జాడ కనిపించటం వేరు, జబ్బు తెప్పించటం వేరు. వస్తువు మీద పడిన వైరసు గంటగంటకూ తగ్గిపోతుంది. ఎండలో ఇంకా త్వరగా తగ్గుతుంది. 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రంవారు లెక్కలన్నీ చూసి, వైరసున్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు అంటుకునే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికంటె తక్కువని తేల్చారు. జబ్బు ముఖ్యంగా మనిషి ఊపిరి నుంచి మనిషి ఊపిరికి, గాలిలో తేలే సన్నని తుంపరలద్వారా వచ్చింది. కాబట్టి భయపడవలసింది కట్ట కట్టిన పేపర్లకు కాదు, ఆ కట్ట తూకం వేయించటానికి గుంపుగా ఎగబడటానికి.

ఇంగ్లండులో కేంద్రాలు తెరిచినప్పుడు చేసినదాంట్లో మంచి భాగం ఇదే. ముందుగా సమయం తీసుకుని రమ్మన్నారు, లోపల ఒకేసారి ఎంతమంది ఉండాలో లెక్క పెట్టారు, జబ్బు లక్షణాలున్నవాళ్లు రావద్దన్నారు. చాలా కేంద్రాల్లో సామాను తెచ్చినవాళ్లే దించుకోవాలి, పనివాళ్లు చెయ్యి వెయ్యరు. ఆ కేంద్రాలు చాలావరకు ఆరుబయటే ఉంటాయి, అది వాళ్లకు కలిసొచ్చింది. రోగి ఉన్న ఇంటి చెత్తను రెండు సంచుల్లో కట్టి 72 గంటలు ఇంట్లోనే పక్కన పెట్టమని అక్కడ చెప్పారు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా అదే ఏడాది, మామూలు ఇళ్లలో వాడిన మాస్కులూ గ్లవ్సూ కాగితపు సంచిలో 72 గంటలు ఉంచి, మళ్లీ ఎవరూ వాడకుండా కత్తిరించి వెయ్యమని చెప్పింది. రోగి ఉన్న ఇంటివి విడిగా పసుపు సంచిలో ఇమ్మంది.

అలాగని షెడ్డు మూసి ఉంచితే పోదా అంటారా? మూయటానికీ ఖరీదు ఉంది, అది వేరే చోట చెల్లిస్తాం. మా ఊళ్లో షెడ్డు మూసిన రెండున్నర నెలల్లో జనం ఏం చేశారో చూశాను. కొందరు పెరట్లో తగలబెట్టారు. కేబుల్ వైర్లు, పాత చెప్పులు, నేల మీద పరిచే ప్లాస్టిక్ పరుపుల వంటివి కాలిస్తే వచ్చే పొగ ఉబ్బసం ఉన్నవాళ్లకు విషమే. మరికొందరు డాబా మీద పారేశారు. జూన్‌లో వానలు పడగానే ఐస్‌క్రీమ్ కప్పులో, కొబ్బరి చిప్పలో, పాత టైరులో నీళ్లు నిలిచాయి. డెంగీ తెచ్చే దోమకు బిందెడు నీళ్లు అక్కర్లేదు, సీసా మూతలో పట్టేంత చాలు. గుడ్డు పెట్టిన వారం, పదిరోజుల్లో దోమై ఎగురుతుంది. నీళ్లు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ వాన పడితే పొదుగుతాయి. ఆ సోదరి వెనక వరండా సంగతి ఇందుకే నాకు బెంగగా ఉంది. పేపర్లు ఫరవాలేదు, అమ్మా. మూతలేని సీసాలు ముందు బోర్లించండి.

ఇక నేను 2020లో అసలు తలపెట్టని సంగతి. షెడ్డు తెరిచిన నెలకు ఒక సాయంత్రం, అక్కడ పనిచేసే నలభై ఏళ్లావిడ చెయ్యి చూపించటానికొచ్చింది. మున్సిపాలిటీ ఇచ్చిన పల్చటి రబ్బరు గ్లవ్స్ మీదుగానే సూది గుచ్చుకుంది. పాలప్యాకెట్ల సంచిలో ఎవరో ఇన్సులిన్ సూదులు వేశారు. కరోనాకు ఆవిడ భయపడనే లేదు. "ఇదేమన్నా పెద్దరోగమా సార్?" అని అడిగింది. పెద్దరోగమంటే ఆవిడ ఉద్దేశం ఎయిడ్స్ అని నాకు అర్థమైంది.

రోగి రక్తమున్న సూది గుచ్చుకుంటే ఎయిడ్స్ క్రిమి అంటుకునే అవకాశం వెయ్యిలో మూడుసార్ల వంతు. హెపటైటిస్-సి అయితే నూటికి ఒకటి రెండుసార్లు. హెపటైటిస్-బి, టీకా వేయించుకోనివారికి, నూటికి ముప్ఫైసార్ల దాకా. ఈ హెపటైటిస్-బి వైరసు బయట ఎండిన రక్తంలో ఏడు రోజులైనా బతికుంటుంది. అంటే కరోనా వైరసుకోసం మనం మూడు రోజులు పక్కన పెట్టిన సంచిలో సూది ఉంటే, మూడు రోజుల తర్వాత కూడా అది సూదే! ఆవిడకు ఆ రోజే కావలసిన మందులు మొదలుపెట్టాం, హెపటైటిస్-బి టీకా ఇచ్చాం. ఆరు నెలల దాకా పరీక్షలకు తిరిగింది. రక్తం మంచిదే అని తేలింది. ఆ ఆరు నెలలూ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, పిల్లల కంచంలో తినక, ఆవిడ పడిన హైరానా నాకు తెలుసు. (కంచం వల్ల ఈ జబ్బులు రావని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ నమ్మలేదు.)

కనుక మీ ఊరి మునిసిపాలిటీవారు మళ్లీ ఎప్పుడైనా ఇలాంటి సలహా అడిగితే నేను ఇప్పుడు చెప్పేది వేరు. షట్టర్లు పూర్తిగా ఎత్తండి. తూకం ఆరుబయట, పందిరి కింద పెట్టండి. వార్డుకొక రోజు కేటాయిస్తే గుంపు దానంతటదే తగ్గుతుంది. ఏరేవాళ్లు ఎదురెదురుగా కాకుండా ఎడంగా కూర్చోవాలి. మాస్కు పెట్టుకోవాలి. చేతులు కడుక్కోవటానికి కుళాయి, సబ్బు షెడ్డు లోపల ఉండాలి, ఆఫీసు గదిలో కాదు. జ్వరం వచ్చిన పనిమనిషికి కూలి పట్టుకోకుండా సెలవివ్వాలి. ఈ చివరిది చెయ్యకపోతే మిగతావన్నీ దండగ, జ్వరంతోనే పనికొస్తారు. గ్లవ్స్ మందంగా ఉండాలి, హెపటైటిస్-బి టీకా అందరికీ వేయించాలి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. చల్లే మందులకు పెట్టే డబ్బు ఈ టీకాకు పెట్టమంటాను.

వచ్చే జబ్బు కరోనాలాగే గాలిలో రావాలని లేదు. కలరాలాగా చేతులద్వారా, నీళ్లద్వారా వచ్చేదైతే సబ్బూ కుళాయీ ముందు వరసలోకొస్తాయి. అందుకే ఆ రెంటినీ ఏ జబ్బులోనూ తీసెయ్యవద్దు.

ఇంట్లో మీరు చెయ్యవలసింది ఎక్కువేమీ లేదు. ఇంట్లో ఎవరికైనా అంటుజబ్బు ఉంటే పొడిచెత్తను మూడు రోజులు ఎండ తగిలేచోట విడిగా ఉంచి ఆ తర్వాత ఇవ్వండి. ముక్కు తుడుచుకున్న కాగితాలు, మాస్కులు పాత పేపర్లలో కలపవద్దు. పాలప్యాకెట్లు, సీసాలు కడిగి ఆరబెట్టి ఇవ్వండి. పగిలిన గాజును నాలుగు పేపర్ల మడతల్లో చుట్టి పైన 'గాజు' అని రాయండి. బ్లీచింగు నీళ్లతో బండలు కడిగే అలవాటుంటే అందులో బాత్‌రూము యాసిడ్ కలపవద్దు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్‌రూములో ఇలా చేసి ఊపిరాడక ఆసుపత్రికి వచ్చిన గృహిణులను చూశాను.

అమ్మా, మీ ఉత్తరంలో ఒక మాట రాయలేదు. మీ అత్తగారి ఇన్సులిన్ సూదులు ఎక్కడ వేస్తున్నారు? వాడిన సూదికి మళ్లీ చేత్తో టోపీ పెట్టబోతే మన వేలికే గుచ్చుకుంటుంది. ఫినాయిలు, బట్టల సబ్బునీళ్లలాంటివి వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా ఒకటి కడిగి ఆరబెట్టి, ఆవిడ ఇంజక్షన్ చేసుకునే చోటే పెట్టండి. సూది వెంటనే అందులో పడాలి. ముప్పాతిక నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, 'సూదులు' అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. మన దేశంలో 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నియమాలే ఇంట్లో వాడిన సూదులను, కాలం తీరిన మందులను తడి, పొడి చెత్తల్లో కలపక వేరుగా ఇమ్మన్నాయి. చెత్తబండివారి చేతికి విడిగా అందించి, అవి సూదులని నోటితో చెప్పండి. బండివారు తీసుకోకపోతే దగ్గరలో ఉన్న ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిరండి.

ఎవరికైనా గుచ్చుకుంటే, మీ పనిమనిషికైనా సరే, ఆ చోట సబ్బుతో కుళాయి ధార కింద కడిగించండి. నొక్కి రక్తం పిండటం, నోట్లో పెట్టుకోవటం, స్పిరిట్ పొయ్యటం వద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి పంపండి. ఎయిడ్స్ క్రిమికి నివారణ మందు రెండు గంటల్లోపు మొదలైతే మంచిది. 72 గంటలు దాటితే పనికిరాదు. మొదలుపెడితే 28 రోజులు మానకుండా వాడాలి.

అత్తగారితో ఇలా చెప్పి చూడండి. పేపర్లవాణ్ణి ఇంట్లోకి పిలవనక్కర్లేదు, వీధి అరుగు మీద తూకం వేయించవచ్చు. ఆవిడ కుర్చీ వేసుకుని నాలుగడుగుల అవతల కూర్చుని తూకం చూసుకోవచ్చు, ఎలాగూ ఆ తూకం మీద ఆవిడకు నమ్మకం ఉండదు. పని అయ్యాక అతనికి కుళాయి చూపించి సబ్బు ఇవ్వండి, మీరూ చేతులు కడుక్కోండి. అతను వచ్చే రోజున మీ ఇంట్లో ఎవరికైనా జలుబో జ్వరమో ఉంటే వచ్చే వారం రమ్మని చెప్పండి.