అంబాసిడర్‌కి డిస్కులు సరే, ముందు డ్రమ్ములు చూశారా?

జగ్గయ్యపేట, నందిగామ వైపు పాత అంబాసిడర్‌ని ఇంకా ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. తాతగారు కొన్న బండి, అమ్మబుద్ధి కాదు. ఇంజిన్ బాగు చేయిస్తారు, పెయింట్ వేయిస్తారు, సీట్లు కుట్టిస్తారు. బ్రేకుల దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండే మాటలు. ఒకటి, 'పాత బండి కదా, అంతే'. రెండోది, 'డిస్కులు వేయించెయ్'. రెండూ తొందరపాటే.

అంబాసిడర్ 1958లో వచ్చింది, 2014 దాకా తయారైంది. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. అప్పటి రోడ్డు వేరు. ఇప్పుడు చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కితే ముందు సిమెంటు లారీ, వెనక హైదరాబాద్ బస్సు. గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. 40 నుంచి 80కి వెళితే వేగం రెట్టింపే, కానీ బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలు. అదంతా వేడిగా మారుతుంది. డ్రమ్ములో ఆ వేడికి బయటికి దారి తక్కువ. వెంటవెంటనే గట్టిగా తొక్కితే లైనర్ పట్టు తగ్గిపోతుంది. కాలు నొక్కుతూనే ఉంటుంది, బండి మాత్రం ఆగనంటుంది.

అలాగని డ్రమ్ము పనికిరానిది కాదు. సరిగా ఉన్న డ్రమ్ముకీ, ఏళ్ల తరబడి ఎవరూ విప్పని డ్రమ్ముకీ చాలా తేడా ఉంది. అందుకే మొదటి అప్‌గ్రేడ్ కొత్త సామాను కాదు, పాతదాన్ని కంపెనీ నుంచి వచ్చిన స్థితికి తేవడం. నాలుగు డ్రమ్ములూ విప్పించండి. లోపల గాడులు పడితే లేత్ పట్టించాలి, హద్దు దాటి అరిగితే మార్చాలి. లైనర్లు ఒక ఇరుసుకి రెండువైపులా ఒకేసారి, ఒకే రకం వేయాలి. లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. వీల్ సిలిండర్ కారుతుంటే కిట్ వేయించాలి. రబ్బరు హోస్ పైపులు బయటికి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోతాయి, వాటిని మార్చేయడమే మేలు. డ్రమ్ములో దుమ్ముని గాలి కొట్టి ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి.

తర్వాత బ్రేక్ ఆయిల్. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఆ లెక్క 230, 155. మరిగితే పైపులో ఆవిరి బుడగలు, పెడల్ మెత్తన. రెండేళ్లకోసారి మార్పించి ఎయిర్ తీయించండి. డాట్ 5 సిలికాన్ రకం, వీటిలో కలపకూడదు.

నా దృష్టిలో అసలు ప్రమాదం డ్రమ్ము కాదు, ఒకే లైను. పాత మాస్టర్ సిలిండర్ నాలుగు చక్రాలకీ ఒకే దారిలో ఆయిల్ పంపుతుంది. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగూ పోయినట్టే, ఇక హ్యాండ్ బ్రేకే దిక్కు. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి డిజైన్ తెస్తే బ్యాకప్ ఏదని మొదటి మీటింగ్‌లోనే అడుగుతారు. రెండు గదుల టాండెమ్ సిలిండర్ వేస్తే ముందు చక్రాలకో లైను, వెనక చక్రాలకో లైను. ఒకటి పోయినా రెండోది బండిని ఆపుతుంది. డబ్బు ఒక్క మార్పుకే ఉంటే ఇది చేయించండి.

పెడల్ గట్టిగా ఉందనిపిస్తే వాక్యూమ్ బూస్టర్. లైను మధ్యలో బిగించే రకం ఉంది, బండి కోయక్కర్లేదు. పెట్రోల్ ఇంజిన్‌లో వాక్యూమ్ దానంతటదే దొరుకుతుంది, డీజిల్‌కి విడిగా పంపు కావాలి. కానీ బూస్టర్ కాలి శ్రమే తగ్గిస్తుంది, డ్రమ్ము వేడిని తగ్గించదు.

వేడి సంగతి తేల్చేది ముందు చక్రాల డిస్కులే. తర్వాతి అంబాసిడర్లకి కంపెనీయే ఇచ్చింది కాబట్టి బెజవాడ ఆటోనగర్‌లో ఆ సెట్ కోసం వెతకొచ్చు. హబ్, కాలిపర్, బేరింగ్ విడివిడిగా కాకుండా ఒకే బండివి తీసుకోండి. పాత రిమ్ము కాలిపర్‌కి తగులుతుందేమో ముందే పెట్టి చూడండి. మాస్టర్ సిలిండర్ కూడా డిస్కుకి తగినదే ఉండాలి. డ్రమ్ముల కోసం లైనులో కొంత ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది, దాన్ని అలాగే ఉంచితే డిస్కు వదలకుండా పట్టేస్తుంది.

కాగితాల సంగతీ చూడాలి. ఆర్సీలో వివరాలకి తేడా వచ్చే మార్పులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. కాబట్టి కోతలు, వెల్డింగులు వద్దు. బోల్టు విప్పితే పాత రూపం తిరిగొచ్చేలా చేయించి, తీసిన సామాను అట్టపెట్టెలో దాచండి.

పని అయ్యాక బండి ఆపి పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. నెమ్మదిగా కిందికి దిగుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అది తేలేదాకా హైవే ఎక్కించకండి.