ఇంటికి ధర కట్టాల్సింది అవసరాన్ని చూసి కాదు

వడ్లకు మద్దతు ధర ఢిల్లీలో నిర్ణయిస్తారు. కల్లంలో మిల్లరు తేమ పేరు చెప్పి కోత పెడతాడు. రొయ్యలకు కౌంటును బట్టి కొనేవాడే రేటు చెబుతాడు. మన సొత్తుకు మనమే ధర చెప్పే అవకాశం ఇల్లో, జాగానో అమ్మేటప్పుడే వస్తుంది. తీరా అక్కడే మనం తప్పులో కాలేస్తున్నాం.

బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో ఇల్లు అమ్మకానికి పెట్టిన రైతును ఎంత చెబుతున్నావని అడిగి చూడండి. "అప్పు నాలుగు లక్షలుంది, పిల్ల పెళ్లికి ఇంకో ఆరు కావాలి. పదికి పైసా తగ్గను" అంటాడు. అది ఇంటి ధర కాదు, ఆయన అవసరం. కొనేవాడికి మన అప్పుతో పనేముంది? సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం పళ్లు చూస్తామా, అమ్మేవాడి కష్టాలు వింటామా?

రెండో తప్పు కబుర్లు నమ్మడం. బందరు పోర్టుకు 2008లో ఒకసారి, 2019లో మరోసారి, 2023లో ఇంకోసారి ముగ్గురు ముఖ్యమంత్రులు శ్రీకారం చుట్టారు. రాయి పడ్డప్పుడల్లా అరుగుల మీద గజం రేటు లేచింది. మొదటి రాయికీ మూడో రాయికీ మధ్య 15 ఏళ్లు గడిచిపోయాయి. పోర్టు వల్ల మేలు లేదని అనడం లేదు. కానీ పోర్టు బందరు తీరాన ఉంటే ఇల్లు కోడూరులోనో, గుడివాడ పక్క పల్లెలోనో ఉంటుంది. పోర్టు రేటు అంత దూరం నడిచి రాదు.

ఆగితే ఎంత పోతుంది?

ఒక లెక్క వేద్దాం. మీ ఇంటిని ఎనిమిది లక్షలకు అడిగారనుకోండి. మీరు పది అన్నారు. నాలుగు లక్షల అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ మీద ఉంది. నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు, రెండేళ్లకు 1,92,000 రూపాయలు. రెండేళ్లు ఆగి పది లక్షలకే అమ్మినా మీకు మిగిలేది 8 వేలు! ఈలోగా ఉప్పుగాలికి శ్లాబులో చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడితే అదీ ఉండదు. పైగా ఏళ్ల తరబడి అమ్మకంలో ఉన్న ఇంటికి "ఏదో లొసుగు ఉంది" అన్న పేరు వస్తుంది.

మరి ధర ఎలా కట్టాలి?

మొదట, గత ఏడాదిలో మీ వీధిలో, పక్క వీధిలో నిజంగా అమ్ముడైన ఇళ్లు ఎన్ని, ఎంతకు పోయాయి అన్నది కనుక్కోండి. చెప్పిన ధర వేరు, చేతులు మారిన ధర వేరు. సాక్షి సంతకం పెట్టినవాళ్లను అడిగితే తెలుస్తుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ జాగాకు ప్రభుత్వ విలువ ఎంతో కూడా చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో ఆ విలువలను సవరించారు. అది బజారు ధర కాదు గాని, దాన్ని బట్టే స్టాంపు ఖర్చు లెక్క కడతారు. అన్నీ కలిపి నూటికి ఏడున్నర రూపాయలు. కొనేవాడు ఆ ఖర్చును మనసులో పెట్టుకునే బేరం ఆడతాడు.

రెండోది, జాగా, కట్టడం విడివిడిగా లెక్కించండి. సెంటంటే 48.4 గజాలు. పాత పెంకుటింటికి కొనేవాడు జాగా ధరే ఇస్తాడు. మహా అయితే ద్వారబంధాలకు, దూలాలకు కొంత కడతాడు. తాతగారు కట్టించారన్న మమకారానికి రేటు లేదు. గుడివాడలో అయితే స్టేషనుకు దూరమెంత, అద్దె ఎంత వస్తుందని చూస్తారు. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎవరూ మరచిపోలేదు. ఇంటి పునాది ఎత్తుందా, పైన శ్లాబు ఉందా, మంచినీళ్లు అందుతాయా అని అడుగుతారు. ఉన్నవాటికి ధైర్యంగా ధర చెప్పండి. లేనివాటికి మీరే తగ్గించుకోండి.

మూడోది కాగితాలు. గ్రామకంఠంలో ఉన్న చాలా ఇళ్లకు దస్తావేజు ఉండదు, తాతల పేరున పన్ను రసీదే ఉంటుంది. బ్యాంకు లోను రాదనుకుంటే కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. పిత్రార్జితమైతే ఆడపిల్లలకూ వాటా ఉంటుంది. వాళ్ల సంతకాలు, ఈసీ, లింకు దస్తావేజులు ముందే సిద్ధం చేసుకుంటే బేరంలో మీదే పైచేయి. కాగితం సరిగా లేని ఇంటిని బ్రోకరు సగానికి అడుగుతాడు.

తక్కువకు తెగనమ్మమని నేను చెప్పడం లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని రెండు అంకెలు అనుకోండి. ఒకటి బయటకు చెప్పేది, రెండోది అంతకు కిందికి దిగనిది. ఈ రెండో అంకె ఇంటి గడప దాటకూడదు. బ్రోకరుకు అసలు తెలియకూడదు. అవసరం మెడ మీదికి రాకముందే, కనీసం ఆరు నెలల ముందే ఈ పని మొదలుపెట్టండి. రేపు కట్టాల్సిన అప్పు ఉన్నవాడు ఈ రోజు బేరం ఆడలేడు.

చేను పండితే కోయాలి. ఇంకా రేటు వస్తుందని నిలవబెడితే గింజ రాలిపోతుంది. అమ్మక తప్పని ఇంటి సంగతీ అంతే. ఆలోచించుకోండి.