ముందు కుళాయి, పిమ్మట జరిమానా

వర్షర్తువు ప్రవేశించినంతనే నగరములలో అతిసారమును కలరాయు తలయెత్తుటయు, వెంటనే పురపాలకాధికారులు తోపుడుబండ్ల వెంటబడుటయు ఏటేటను జరుగుచున్న తంతు. 2022 జూన్ నెలలో నేపాల్ దేశమందలి లలిత్‌పుర్ మహానగరపాలక సంస్థ, పానీపూరికి వాడెడు నీటియందు కలరా సూక్ష్మజీవి కానవచ్చినదని చెప్పి, తన పరిధిలో ఆ యమ్మకమునే నిషేధించెను. రోగభీతి ప్రబలిన వేళ అట్టి యాజ్ఞ జనులకు ఊరట గూర్పవచ్చును. నీటి దోషమునకు బండిని దండించుటచే మాత్రము రోగము తొలగదని మా నిశ్చితాభిప్రాయము.

బండివాడు నిర్దోషి యని మేమనుట లేదు. సాయంకాలము మొదలు రాత్రి దాక ఎంగిలి ప్లేట్ల నన్నిటిని ఒకే బకెట్టు నీటిలో ముంచి తీయుటయు, డబ్బు లందుకొనిన చేతితోనే పూరీని చిదిమి పులుసునీటి కుండలో మణికట్టు దాక ముంచుటయు, ఏ నీటితో గడ్డకట్టినదో తెలియని ఐసును చెరకురసమున వేయుటయు మనమెల్లరము కన్నులార చూచుచున్నవే. పొగలు గ్రక్కు ఇడ్లీలో లేని ప్రమాదము పచ్చినీటితో పలుచన చేసిన చట్నీలో పొంచియున్నది.

అయితే ఆ బకెట్టు ఎచ్చట నిండినది? దినమునకు కొలది గంటలు మాత్రమే నీరు విడుచు నగరములలో, సరఫరా ఆగిన తోడనే గొట్టములలోని ఒత్తిడి తగ్గి, ప్రక్కనే పారు మురుగు పగుళ్లగుండ లోనికి చొరబడును. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో కలుషితమైన కుళాయి నీరు త్రాగి పలువురు ప్రాణములు గోల్పోయిరి. ఇంటనుండువానినే కాపాడని గొట్టము బండివాని కుండను శుభ్రముగా నింపునా? పైగా, తరిమినంతమాత్రమున బండి మాయము కాదు. తనిఖీ కందని సందులో నిలిచి, ఆ నీటితోనే కూలిజనమునకు అమ్ముకొనును.

2014 నాటి వీథి వ్యాపారుల చట్టము పట్టణ విక్రయ సంఘములను నెలకొల్పి, వానిలో వ్యాపారుల ప్రతినిధులు నూటికి 40 మందికి తగ్గరాదని శాసించినది. ఆ సంఘములను తక్షణమే సమావేశపరచి, బండ్లు నిలుచు ప్రతి తావునను కుళాయిని, మురుగు పోవు తూమును, మరుగుదొడ్డిని ఏర్పరుపవలెను. నీటిలో క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గలేదని నిత్యము పరీక్షించి, ఫలితమును అచ్చటనే బోర్డుపై వ్రాయవలెను. ఇన్ని సమకూర్చిన పిమ్మటను మురికినీరు వాడువాని యెడల దాక్షిణ్యము వలదు. జరిమానా విధింపుడు, లైసెన్సు రద్దు పరుపుడు. అంతవరకు, గుక్కెడు మంచినీరీయని పురపాలక సంఘమునకు బండిని జప్తు చేయు నధికారము చట్టరీత్యా కలిగినను, న్యాయరీత్యా కలుగదు.